సున్నా మనిషి

రోజు 241

మూడు వందల నలభై మంది మనుషులు, ఏడు గేదెలు, రక్తం చూసే యంత్రం ఒకటి. అంగారకుడి మీద కొత్త టెక్కలి అంటే ఇంతే. ప్రాముఖ్యాన్ని బట్టి రాస్తే గేదెలు ముందు రావాలి. కానీ మనుషులు ఏ జాబితా రాసినా ముందు తమ పేరే రాసుకుంటారు.

ఉదయం లేవగానే గాలి జల్లెడకు పట్టిన ఎర్రదుమ్ము దులిపాను. సూదులు, గొట్టాలు, శీతలపెట్టె సర్దుకుని మొదటి సొరంగం వీధి నుంచి బయల్దేరాను. రోజుకి ఇరవై ఒక్క ఇళ్ళు. మూడు రోజుల్లో ఊరంతా అయిపోతుంది, నాలుగో రోజు మళ్ళీ మొదటి ఇల్లు. ఇంటికొకరి వేలు గుచ్చి రెండు చుక్కలు తీసుకుంటాను. నా పేరు ఇందుమతి అన్న సంగతి ఊళ్ళో చాలామంది మరిచిపోయారు. నెత్తురమ్మ వచ్చింది అంటారు, పిల్లలు మంచాల కిందకి దూరతారు.

ఆ చుక్కల్లో యంత్రం పాలగుర్తును వెతుకుతుంది. పాలకొవ్వులో ఉండే ఒక ఆమ్లం అది. మన ఒంట్లో తనంతట తాను దాదాపుగా తయారు కాదు. పాలో పెరుగో నెయ్యో లోపలికి వెళితేనే రక్తంలో కనబడుతుంది, వెళ్ళాక వారాల తరబడి కదలదు. దాని పక్కనే చక్కెర, ఎముకల బలం కూడా రాసుకుంటాం, పాల వల్ల మనిషికి ఒరిగేదేమిటో తేల్చడానికి. పూర్వం కాగితం ఇచ్చి, నిన్న ఎంత పెరుగు తిన్నారని అడిగేవారట. అందరూ కొంచెం అని రాసేవారు. చెంచాడు తిన్నవాళ్ళదీ కొంచెమే, గిన్నె నాకినవాళ్ళదీ కొంచెమే. విసిగిపోయి మా ఆరోగ్యాధికారి కోదండపాణి గారు ఆ కాగితాలు ఎత్తేశారు. ఇక మీదట నోటిని అడగొద్దు, నెత్తుటినే అడగండి అన్నారు.

ఇందులో నా గొప్ప ఒకటుంది. ఈ యంత్రం ఒక రక్తాన్ని ఇంకో రక్తంతో పోల్చి తేడా మాత్రమే చెబుతుంది. పోల్చడానికి పాలు బొత్తిగా లేని రక్తం కావాలి. భూమి నుంచి తెచ్చిన సున్నా సీసాలు అయిపోయాయి, వచ్చే నౌకకు ఇంకా ఏడాదిన్నర ఉంది. అందుకని ఊళ్ళో ఒక మనిషిని సున్నాగా నియమించారు. ఆ మనిషిని నేనే. మూడు నెలలు పథ్యం చేసి, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, జున్ను ముట్టనని అందరి ముందూ ప్రమాణం చేశాను. ప్రమాణపత్రం కోదండపాణి గారే రాశారు. రోజూ పొద్దున్నే నా రక్తం రెండు చుక్కలు యంత్రంలో పెట్టి, సున్నా అంటే ఇదీ అని దానికి చూపిస్తాను. ఊరంతటినీ నాతో కొలుస్తారు. గర్వంగా ఉండదా మరి.

ఇవాళ ఇరవై ఒక్క ఇళ్ళూ సజావుగా అయ్యాయి. నాలుగో ఇంట్లో మజ్జిగలో అల్లం ఎక్కువైంది.

రోజు 256

ఊరి సగటు మళ్ళీ తగ్గింది. నేను చేరిన కొత్తలో పాలగుర్తు సగటున నలభై ఆరు ఉండేది. మూడు నెలలకు ముప్ఫై మూడు. ఆరు నెలలకు ఇరవై. ఇవాళ పదమూడు. ఎవరి వంతు పాలు వాళ్ళకు రోజూ అందుతూనే ఉన్నాయి. సంతకాలున్నాయి, వేలిముద్రలున్నాయి. తాగిన పాలు మాత్రం నెత్తుట్లో కనబడడం లేదు.

యంత్రాన్ని రెండుసార్లు విప్పి తుడిచాను. సూదులు మార్చాను. నన్ను నేను అనుమానించుకోవలసిన పని లేదు, ఎందుకంటే నా అంత నిష్ఠ ఈ గుమ్మటం కింద ఇంకెవరికీ లేదు. మొన్న మా పక్కింటి పసిపాప అన్నప్రాశనలో పాయసం గిన్నె నా ముందు పెడితే మొహం తిప్పుకున్నాను. నెయ్యి వేసిన పప్పు అని తెలిసి ఉత్తి అన్నం తిని లేచాను. అది చూసిన పెద్దవాళ్ళు మెచ్చుకుని, పోనీ ఇదైనా తాగమ్మా అని చల్లటి మజ్జిగ ఇచ్చారు.

రోజు 270

పాలసాలకు వెళ్ళాను. సాల చూసేది అప్పలనర్సమ్మ. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, నేను అప్పా అంటాను. ఏడు గేదెల్లో అయిదు ఆమె చేతుల్లో పుట్టినవే. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి పాలధార గిన్నెలోకి తీరిగ్గా దిగుతుంది, నురగ మూరెడు లేస్తుంది. ఆ నురగ చూసి పాలు ఎక్కువ వచ్చాయని మురిసిపోయేవాళ్ళను ఆమె పురుగుల్ని చూసినట్టు చూస్తుంది.

కోదండపాణి గారు అప్పటికే అక్కడ ఉన్నారు. ఆయన ఎక్కడికి వెళ్ళినా గుమ్మం దగ్గరే నిలబడతారు. లోపల ఏమేమున్నాయో కళ్ళతో లెక్కపెట్టి చిన్న పుస్తకంలో రాసుకుంటారు. పాలలో నీళ్ళు కలుస్తున్నాయని ఆయన అనుమానం. ఆ మాట నేరుగా అనలేదు. గేదెలు తాగే నీళ్ళకీ ఇచ్చే పాలకీ మధ్య పారదర్శకత లేదన్నారు. అప్పలనర్సమ్మకు పారదర్శకత అర్థం కాలేదు గానీ, మనిషి చూపు అర్థమైంది. ఆయన వెళ్ళాక చాలాసేపు దూడ వీపు రుద్దుతూ కూర్చుంది.

ఆయన మంచివాడు కాదని నేను అనను. నా ప్రమాణం రోజునే ఆయన కూడా తన పాల వంతు పిల్లలకు వదిలేస్తున్నానని సభలో ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. ఇంటికి పోతూ అందరం అనుకున్న మాట మాత్రం వేరు. తలుపేసుకుని నెయ్యి కాచుకుంటాడని ఒకరు, ఆ గదిలోంచి కమ్మటి వాసన వచ్చిందని ఇంకొకరు. వాసన వచ్చిందన్న వాళ్ళలో నేనూ ఉన్నాను.

రోజు 288

ఊరి సగటు ఆరుకు దిగింది. పదకొండు ఇళ్ళు మైనస్‌లోకి వెళ్ళాయి.

మైనస్ పాలంటే ఏమిటో ఎవరికీ తెలియదు. అసలు తాగకపోతే సున్నా రావాలి. సున్నా కంటే తక్కువ తాగడం ఎలాగో తేల్చడానికి కోదండపాణి గారు ముగ్గురితో ఉపసంఘం వేశారు. వాళ్ళు నాలుగుసార్లు కూర్చున్నారు. తాగిన పాలను వెనక్కి ఇచ్చేసినట్టు భావించాలా అని ఒకాయన అడిగాడట. చివరికి, మైనస్ అంకెలను గౌరవంతో పరిశీలించాలని తీర్మానించి లేచారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ అసలు కాగితం ఇంకోటుంది. పది నెలలుగా పాలగుర్తు పడిపోతోంది, అదే పది నెలల్లో ఊరి చక్కెర, ఎముకలు భేషుగ్గా ఉన్నాయి. ఈ రెండు గీతల్నీ పక్కపక్కన గీసి కోదండపాణి గారు గొప్ప సత్యం కనిపెట్టారు. పాలు తగ్గేకొద్దీ ఆరోగ్యం పెరుగుతోందట. కాబట్టి రోజుకు నాలుగు వందల లీటర్ల నీళ్ళు తాగే గేదెలు అనవసరమట. రోజు 318న సభ. అప్పలనర్సమ్మ మీద కల్తీ నేరం రుజువైతే ఆమెను మురుగునీళ్ళ వడపోత గదికి పంపుతారు. గేదెలకు విరమణ ఇస్తారు. విరమణ అంటే ఏమిటో గేదెలకు తెలియదు, మాకు తెలుసు.

ఆ కాగితం కింద కొలతలు సరైనవేనని సంతకం పెట్టింది నేను. పెట్టబుద్ధి కాలేదు. అయినా పెట్టాను, అంకెలు అవే కాబట్టి.

రోజు 309

పనికిరాని సీసాలు పారేద్దామని మంచుపెట్టె అడుగు దాకా ఖాళీ చేస్తుంటే, రోజు 1 అని నా చేతిరాతతో ఉన్న గొట్టం దొరికింది. ప్రమాణం చేసిన ఉదయం తీసిన నా రక్తం. లోపల సరిగ్గా ఒక పరీక్షకు సరిపడా ఉంది. యంత్రం సంగతి తేలిపోతుందని పెట్టాను. నా రక్తానికీ నా రక్తానికీ తేడా ఉండకూడదు, సున్నా రావాలి.

మైనస్ నలభై ఒకటి వచ్చింది.

అంటే పది నెలల కిందట నేను నాకంటే నలభై ఒక్క గీతలు కింద ఉన్నాను. కాసేపు ఆ అంకె వంక వెర్రిదానిలా చూశాను. ఊరి పాలగుర్తు పడిపోలేదు. సున్నా పైకి లేచింది. సున్నా అంటే నేను.

గొట్టం పట్టుకుని సాలకు పరిగెత్తాను. ఊపిరి తీసుకోకుండా అప్పలనర్సమ్మకు అంతా చెప్పాను. పాలు ముట్టలేదు, పెరుగు ముట్టలేదు, ఒట్టు, ఎలా వచ్చిందో తెలియడం లేదని ఏడ్చినంత పని చేశాను. ఆయాసపడుతున్నానని ఆమె ఎప్పట్లాగే పెరుగులో నీళ్ళు పోసి గిలక్కొట్టి గ్లాసు చేతికిచ్చింది. సగం తాగాను. ఆమె నా చేతిలోని గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇందమ్మా, ఇలాటి గలాసులు రోజుకెన్ని తాగుతావు?"

ఇంటికొకటి, ఇరవై ఒకటి, ఇది ఇరవై రెండోదని చెప్పాను. చెబుతుండగానే నా గొంతు తగ్గిపోయింది. ఇది మజ్జిగ కదా, ఇది లెక్కలోకి ఎలా వస్తుంది, ప్రమాణపత్రంలో మజ్జిగ అన్న మాటే లేదు కదా అన్నాను.

"పత్రంల నేదు నిజమే. నా గేదికి ఆ సంగతి తెలవదు కదమ్మా."

చిలికి వెన్న తీసే తీరిక ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. పెరుగులో నీళ్ళు కలిపితే అదే మజ్జిగ, వెన్నంతా అందులోనే. ఇంటికి వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వకుండా ఎవరూ పంపరు. ఇచ్చినది కాదనడం నాకు చేతకాదు. ప్రమాణం రాసిన ఆయనకు గానీ, చేసిన నాకు గానీ, విన్న మూడు వందల మందికి గానీ అది ఒక పదార్థమని తోచనే లేదు. మజ్జిగంటే మాకు మర్యాద. ఆ మర్యాదే పది నెలలుగా నా నెత్తుట్లో పేరుకుంటోంది, దాంతో ఊరిని కొలిచి ఒక నిర్దోషిని దోషిని చేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. మిగతా సగం మాత్రం పారబోయలేదు, ఆమె చేత్తో ఇచ్చింది కదా అని తాగేశాను.

రోజు 312

మూడు రోజులుగా సున్నా కోసం వెతుకుతున్నాను. సభలో పాత గొట్టాల రక్తం చెల్లదు, పైగా మొన్నటి దుమ్ము తుఫానులో మంచుపెట్టె రెండు రోజులు ఆగిపోయింది. ప్రాణమున్న మనిషి రక్తం కావాలి, నాకంటే నలభై ఒక్క గీతలైనా కింద ఉండాలి. అలాంటివాళ్ళు దొరికితే పాత కొలతలన్నీ సరిదిద్దవచ్చు. దొరకకపోతే నా మాట ఉత్తి మాటే.

నీటి గొట్టాలు బాగుచేసే గంగరాజుకు పాల వాసన పడదని ఊరంతా తెలుసు. ఆయన రక్తం మైనస్ పంతొమ్మిది. ఇంకా ఇరవై రెండు గీతల పాలు ఎక్కడివని అడిగితే ఆయన తెల్లబోయాడు. ఆయన భార్య గోడ వైపు తిరిగింది. పన్నెండేళ్ళుగా పులుసులో పెరుగు కలుపుతోందట. వాళ్ళ సంసారం సంగతి వాళ్ళు చూసుకుంటారని బయటికి వచ్చేశాను. ఏడాదిగా పాలు, పెరుగు మానేసి మొక్కు తీర్చుకుంటున్న అన్నపూర్ణ గారిది మైనస్ పదకొండు. నెయ్యి పాలెలా అవుతుందమ్మా, దీపంలోనూ వేస్తాం కదా అని నన్నే అడిగారు. ఆవిడతో వాదించే అర్హత నాకు లేదు.

ఊళ్ళో నేను గుచ్చని వేలు ఇంకొక్కటే మిగిలింది. అధికారుల రక్తం గోప్యం కాబట్టి జాబితాలోనే లేదు.

రోజు 313

కోదండపాణి గారి గదికి వెళ్ళాను. ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళడం ఇదే మొదటిసారి. ఒక మంచం, ఒక బల్ల, గోడనిండా గీతల కాగితాలు, మూలన ఒక పళ్ళెం, ఒక గ్లాసు. నెయ్యి వాసన కోసం నా ముక్కు దానంతట అదే వెతికింది. ఏమీ లేదు.

అంతా చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి శ్రద్ధగా విన్నారు. తర్వాత, సున్నా అంటే నిర్వచనం ప్రకారం మీరేనన్నారు. మీ రక్తంలో ఎన్ని పాలున్నా అది సున్నాయే, సున్నాలో తప్పు ఉండదు, తప్పు ఉంటే మిగిలిన ఊరంతటిలో ఉండాలి అన్నారు. ఆయన హాస్యమాడడం లేదు. పది నెలలు రోజూ యంత్రానికి నేను చెప్పింది కూడా అదే మాట కాబట్టి నాకు నవ్వు రాలేదు.

సార్, మీ వేలు ఇవ్వండి అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. గోప్యం గురించి మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశారు.

"నా గురించి ఊళ్ళో ఏమనుకుంటున్నారో నాకు తెలియదనుకుంటున్నారా ఇందుమతి గారూ?"

నేను తల దించుకున్నాను. ఆయన చొక్కా చేయి పైకి మడిచి, వేలు కాదు, మోచేతి దగ్గర నరం చూపించారు. ఎంత కావాలో అంత తీసుకోండి, సభలో ఫలితం నేనే చదువుతానన్నారు. ఇది తన నిజాయితీకి పరీక్ష అనుకుంటున్నారు. నాకు కావలసింది అప్పలనర్సమ్మకు విడుదల. ఇద్దరి అవసరం ఒక్క సూదితో తీరింది.

సాయంత్రం ఫలితం వచ్చింది. మైనస్ నలభై మూడు. నా మొదటి రోజు రక్తం కంటే కూడా రెండు గీతలు కింద. వేరే సూదితో ఇంకోసారి పెట్టి చూశాను, అదే అంకె. చుక్క పాలు లేవు, మజ్జిగ కూడా లేదు. ఆ వాసన పుకారులో నా వాటా గుర్తొచ్చి చాలా బాధ కలిగింది.

ఆయనకు చీటీ పంపాను. పాత కొలతలన్నీ ఈ కొత్త సున్నాతో తిరగరాయడానికి కూర్చున్నాను, రెండు రోజుల పని.

రోజు 318

పంటల గుమ్మటం కింద సభ జరిగింది. గేదెలు కట్లు తెంపుకుంటాయని అప్పలనర్సమ్మ రానంది. నేనే వెళ్ళి చేయి పట్టుకుని తీసుకొచ్చాను. ముందు నా తప్పు నేను చెప్పాను. ఇరవై ఒక్క గ్లాసుల సంగతి వినగానే గొల్లున నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపారు, ఎందుకంటే ప్రతి ఇంట్లోంచీ ఒక గ్లాసు అందులో ఉంది.

సరిదిద్దిన అంకెలు చదివాను. ఊరి పాలగుర్తు పది నెలల్లో ఇటు గీత అటు కాలేదు. పాలలో నీళ్ళు కలవలేదు. పాలు తగ్గితే ఆరోగ్యం పెరిగిందన్న సత్యం ఆ పూటతో కాలం చేసింది. ఉపసంఘంలో ఒకాయన, మరి మైనస్ పాల మీద మా నివేదిక ఏం చేయాలని అడిగాడు. అప్పలనర్సమ్మ మీద కేసు కొట్టేశారు, గేదెల విరమణ రద్దు చేశారు. ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కోదండపాణి గారు లేచారు. ఓడిపోయిన మనిషిలా లేరు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చారు. చీటీ విప్పి తన ఫలితం తానే చదివారు. పది నెలల్లో ఈ ఊళ్ళో పాల పదార్థం ఏదీ ఒంట్లోకి వెళ్ళని మనిషి ఒక్కడేనని, ఆ మనిషి ఎవరో శాస్త్రమే చెప్పిందని అన్నారు. ఈసారి చప్పట్లు నిజంగా కొట్టాం. ఆయన మొహం వెలిగింది.

చప్పట్లు ఆగాక ముందు వరసలో కూర్చున్న ముసలాయన, దారి మరమ్మతుల సూరయ్య, చేయెత్తాడు. ఎగతాళి చేసే మనిషి కాదు. తెలియక అడిగాడు.

"అయితే బాబూ, ఇన్నాళ్ళల్ల నీకు మజ్జిగైనా ఎవలూ ఇవ్వనేదా?"

కోదండపాణి గారు చీటీలోకి చూశారు, జవాబు అందులో రాసి ఉన్నట్టు. వెనక్కి తిప్పి కూడా చూశారు. అరవై మూడు ఇళ్ళ వాళ్ళం ఉన్నాం అక్కడ. ఆయన ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఎన్నిసార్లు నిలబడ్డారో మాకందరికీ తెలుసు. లోపలికి రమ్మని పిలిచిన ఇల్లు ఏదైనా ఉంటే ఆ నిశ్శబ్దంలో బయటపడి ఉండేది. "లేదండీ," అన్నారు ఆయన చివరికి, సూరయ్యకు మాత్రమే వినబడేంత మెల్లగా. మాకూ వినబడింది.

అప్పలనర్సమ్మ లేచింది. సాల వైపు వెళ్ళి బిందెతో తిరిగి వచ్చింది. మొదటి గ్లాసు నింపి తిన్నగా ఆయన ముందుకు తీసుకెళ్ళింది. తనను వడపోత గదికి పంపబోయిన మనిషి అని ఆమె మరిచిపోయిందని నేననుకోను. ఇంటికొచ్చిన మనిషికి ఇవ్వాలి కాబట్టి ఇచ్చింది.

ఆయన గ్లాసు అందుకోలేదు. తాను ఇప్పుడు ఊరికి సున్నా అని, ఇది తాగితే నౌక వచ్చేదాకా కొలవడానికి ఇంకేమీ ఉండదని ఆయనకు తెలుసు. చెయ్యి మాత్రం బల్ల మీద నుంచి కొంచెం లేచి ఆగిపోయింది. నా వైపు తిరిగారు.

"ఆ రోజు తీసిన నా రక్తం ఎంత మిగిలింది ఇందుమతి గారూ? నౌక వచ్చేదాకా సరిపోతుందా?"

సరిపోతుంది సార్, ఇంకా మిగులుతుంది కూడా అన్నాను.

ఆయన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగారు. ఆగి, కొంచెం ఉప్పు తక్కువైందేమోనని అప్పలనర్సమ్మతో అన్నారు. ఆమె ఇంకో గ్లాసు పోసింది.

మంచుపెట్టెలో ఉన్న ఆయన రక్తం తొమ్మిది రోజులకే సరిపోతుంది. పది నెలలుగా ఈ పుస్తకంలో తప్పు అంకెలు బోలెడు రాశాను. తెలిసి చెప్పిన తప్పు ఈ ఒక్కటే.